ఒకే ఇల్లు... రెండు కంచాలు

ఇంట్లో మూడు పిల్లులు. ఒకదాని రక్తపరీక్షలో ‘ల్యుకేమియా పాజిటివ్‌’ అని వచ్చింది. మిగతా రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఒకదానికోసం రెండింటినీ ప్రమాదంలోకి నెట్టాలా? రెండింటికోసం ఒకదాన్ని వదులుకోవాలా? ఈ రెండూ కాకుండా మూడోదారి కూడా ఉంది. కాకపోతే దానికి కాస్త ఓపికా, ఓ తలుపూ కావాలి!

రెండు పిల్లులకు స్నేహం కుదిరిందని ఎలా తెలుస్తుంది? ఒకదాని తల ఒకటి నాకుతుంది. ఒకే గిన్నెలో మూతులుపెట్టి పాలు తాగుతాయి. మధ్యాహ్నం పూట ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోతాయి. చూసేవాళ్లకు ఎంత ముచ్చటేస్తుందో! సరిగ్గా ఆ ముచ్చటైన దారినే ఎంచుకుంది ఓ వైరస్‌. దానిపేరు ఫిలైన్‌ ల్యుకేమియా వైరస్‌, పొట్టిగా ఎఫ్‌ఈఎల్‌వీ. ఇది ప్రధానంగా పిల్లి లాలాజలంలో ఉంటుంది. ముక్కునుంచి కారే చీమిడిలో, తల్లిపాలలో ఉంటుంది. మలమూత్రాల్లోనూ కొంత ఉంటుంది. నాకడం, కలిసి తినడం, కరవడం... ఇవే దాని రవాణా సాధనాలు.

పిల్లుల్లో ఎఫ్‌ఐవీ అని ఇంకో వైరస్‌ ఉంది. అది ఎక్కువగా లోతైన కాట్ల ద్వారా అంటుకుంటుంది. అందుకే పశువైద్యులు దాన్ని పోట్లాడుకునే పిల్లుల జబ్బనీ, ల్యుకేమియాను స్నేహంగా ఉండే పిల్లుల జబ్బనీ అంటుంటారు. పోట్లాడుకునేవాటిని విడదీయడం తేలిక. ప్రేమగా ఉన్నవాటిని విడదీయాల్సి రావడమే ఈ జబ్బుతో వచ్చిన అసలు కష్టం.

ఫోన్‌ వచ్చిన సాయంత్రం

ఓ ఇంటిని ఊహించుకుందాం. రెండు పడగ్గదుల ఫ్లాటు. ఆరేళ్ల తెల్లపిల్లి, నాలుగేళ్ల చారలపిల్లి అక్కడ పాతకాపులు. వానలో తడుస్తూ మెట్లకింద దొరికిన నల్లకూనను పిల్లలు ఇంట్లోకి తెచ్చి నెల కావస్తోంది. మూడూ కలిసిపోయాయి. కూన సరిగా ఎదగడంలేదనీ, చిగుళ్లు తెల్లగా పాలిపోయాయనీ డాక్టరుగారు రక్తం తీశారు. సాయంత్రానికి ఫోన్‌ వచ్చింది... పాజిటివ్‌.

ఆ రాత్రి ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. ‘మనుషులకేమన్నా అంటుకుంటుందేమో’నని నాయనమ్మ భయం. ‘ఎక్కడ దొరికిందో అక్కడే వదిలేద్దాం’ అంటాడు తండ్రి. ‘దాన్ని పంపిస్తే మేం అన్నం తినం’ అని పిల్లల బెదిరింపు. ‘మరి ఆ రెండింటి సంగతేంటి?’ అని తల్లి ప్రశ్న. నిజానికి నలుగురూ అడగాల్సిన ప్రశ్నలే అడిగారు. జవాబులు ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు నాయనమ్మ సందేహం. ఈ వైరస్‌ మనుషులకు సోకినట్టు ఆధారాల్లేవు. కుక్కలకూ సోకదు. ఇది పిల్లి జాతికే పరిమితం. కాబట్టి ఇంట్లో చిన్నపిల్లలున్నారనో, పెద్దవాళ్లున్నారనో ఈ జబ్బుకు భయపడి పిల్లిని బయటికి పంపాల్సిన పనిలేదు.

గ్లాస్గోలో దొరికిన దొంగ

1960ల దాకా ఇదో వైరస్‌ పని అని ఎవరికీ తెలీదు. పిల్లులకు క్యాన్సర్‌ వస్తుందని తెలుసు. అది అంటుకుంటుందంటే మాత్రం నమ్మేవాళ్లు కాదు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో విలియం జారెట్‌ అనే పశువైద్య శాస్త్రవేత్త ఉండేవారు. ఒకే ఇంట్లోని పిల్లుల్లో ఒకదాని తర్వాత ఒకటి లింఫ్‌ కణుతులతో చనిపోవడం ఆయన దృష్టికి వచ్చింది. ఒకే గూటి పిల్లులకు వరసగా ఒకే జబ్బు రావడమేంటని ఆరాతీశారు. ఎలక్ట్రాన్‌ మైక్రోస్కోపు కింద చూస్తే వైరస్‌ రేణువులు కనిపించాయి. 1964లో ఆ పరిశోధన వెలుగులోకి వచ్చింది.

అంటే... ఈ జబ్బు కథ మొదలైందే అనేక పిల్లులున్న ఓ ఇంట్లో!

1973లో అమెరికాలో విలియం హార్డీ బృందం ఇది ఒక పిల్లినుంచి మరో పిల్లికి సహజంగానే సోకుతుందని చూపించింది. రక్తపరీక్ష కూడా ఆ రోజుల్లోనే అందుబాటులోకి వచ్చింది. ఇంట్లో ఉన్నవాటన్నిటికీ పరీక్ష చేయడం, పాజిటివ్‌ వచ్చినవాటిని తీసేయడం అప్పటి పద్ధతి. ‘తీసేయడం’ అంటే చాలాసార్లు ఇంజక్షన్‌తో నిద్రపుచ్చడమే. ఇప్పుడా ఆలోచన మారింది. పరీక్షలో పాజిటివ్‌ వచ్చిందన్న ఒక్క కారణంతో పిల్లి ప్రాణం తీయొద్దని అమెరికాలోని పిల్లుల వైద్యుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

పట్టా పుస్తకంలో పేరు

ఈ వైరస్‌ మామూలు జలుబు వైరస్‌లాంటిది కాదు. ఇది రెట్రోవైరస్‌. కణంలోకి దూరాక తన జన్యు సమాచారాన్ని డీఎన్‌ఏగా తిరగరాసి, పిల్లి సొంత డీఎన్‌ఏలో అతికించేస్తుంది. పొలాన్ని కబ్జా చేసినవాడు ఊరుకోకుండా పట్టా పుస్తకంలో తన పేరు రాయించుకున్నట్టన్నమాట. అందుకే దీన్ని పూర్తిగా వెళ్లగొట్టే మందు ఇప్పటికీ లేదు.

అయితే వైరస్‌ తగిలిన ప్రతి పిల్లి కథా ఒకేలా ముగియదు. కొన్ని పిల్లుల శరీరం దాన్ని మొదట్లోనే తరిమేస్తుంది. ఇంకొన్నింటిలో వైరస్‌ కొన్నాళ్లు రక్తంలో తిరిగి తర్వాత అణిగిపోతుంది. ఎముక మజ్జలో దాని డీఎన్‌ఏ మిగిలినా పిల్లి చాలాకాలం మామూలుగానే బతుకుతుంది. అణిగి ఉన్నంతకాలం లాలాజలంద్వారా పక్కవాటికి అంటించదు. వ్యాధినిరోధకశక్తి బాగా తగ్గినప్పుడు మాత్రం మళ్లీ తలెత్తే అవకాశం ఉంది. మూడో రకమే ప్రమాదం. వైరస్‌ రక్తంలో నిలబడిపోతుంది. లాలాజలంలో అదేపనిగా బయటికొస్తూ ఉంటుంది. రక్తహీనత, లింఫ్‌ గ్రంథుల క్యాన్సర్‌, చిగుళ్ల వాపు, మాటిమాటికీ జ్వరాలు, విరేచనాలు... ఇలా ఏదో రూపంలో జబ్బు బయటపడుతుంది. ఈ రకం పిల్లుల్లో ఎక్కువశాతం వ్యాధి నిర్ధారణ అయిన మూడేళ్లలోపే చనిపోతాయి. అంతకుమించి బతికేవీ ఉన్నాయి.

ఏ పిల్లికి ఏ దారి అనేది ఎక్కువగా వయసునుబట్టి ఉంటుంది. కూనలకు ముప్పు ఎక్కువ. పెద్దయ్యేకొద్దీ సహజమైన నిరోధం పెరుగుతుంది. పెరుగుతుందే తప్ప పూర్తి రక్షణ కాదు... ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఒక్క రిపోర్టు చాలదు

క్లినిక్‌లో చేసే పరీక్ష చాలా తేలిక. కొన్ని రక్తపు చుక్కలు కిట్‌మీద వేస్తే పది నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. అది వెతికేది వైరస్‌లోని ఓ ప్రొటీన్‌ను. కానీ ఆ గీతను చూసి అక్కడికక్కడే తీర్పు చెప్పేయకూడదు. ఆరోగ్యంగా కనిపిస్తున్న పిల్లికి పాజిటివ్‌ వస్తే ఇంకో పద్ధతిలో నిర్ధారించుకోవాలి. పీసీఆర్‌ పరీక్ష వైరస్‌ డీఎన్‌ఏను వెతుకుతుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ చూస్తే మొదట పాజిటివ్‌ వచ్చిన పిల్లే నెగెటివ్‌ కావచ్చు.

నెగెటివ్‌ విషయంలోనూ తొందర పనికిరాదు. తెల్లపిల్లి, చారలపిల్లి నెలరోజులు కూనతో కలిసి తిన్నాయి. ఈ రోజు వాటికి నెగెటివ్‌ వచ్చినా, నిన్ననో మొన్ననో తగిలిన వైరస్‌ పరీక్షకు దొరకడానికి సమయం పడుతుంది. అందుకే వాటిని కూననుంచి విడదీసి, కనీసం ముప్ఫై రోజులు ఆగి మళ్లీ పరీక్ష చేయించాలి. ‘అన్నీ హుషారుగానే ఉన్నాయి కదా’ అని వదిలేయడం, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడంలాంటిదే.

ఇక్కడే మరో తికమక. చాలామంది పాన్‌ల్యుకోపీనియా అనే జబ్బును దీంతో కలిపేస్తుంటారు. పేర్లు వినడానికి ఒకేలా ఉన్నా రెంటికీ సంబంధం లేదు. పాన్‌ల్యుకోపీనియా పార్వో జాతి వైరస్‌వల్ల వస్తుంది. రోజుల్లోనే ప్రాణంమీదికి తెస్తుంది. నేలమీద, గోడలమీద ఏడాదిదాకా బతికుంటుంది. ల్యుకేమియా వైరస్‌ అలా కాదు. ఒంట్లో ఎంత మొండిదో ఒంటిబయట అంత పిరికిది. ఆరిన నేలమీద కొన్ని గంటలకు మించి నిలవదు. తడి ఉంటే ఇంకాస్త ఎక్కువ. సబ్బు, బ్లీచింగ్‌ నీళ్లు తగిలితే చాలు, చచ్చిపోతుంది.

ఆ పిరికితనమే ఇంటివాళ్ల చేతిలో ఆయుధం.

తలుపు... ఇద్దరినీ కాపాడుతుంది

పాజిటివ్‌ అని తేలిన పిల్లికి ఓ గది. మిగతావాటికి మిగతా ఇల్లు. మధ్యలో మూసి ఉండే తలుపు. ఇంతకుమించిన రక్షణ ఇంకేదీ లేదు. వైరస్‌ గాల్లో ఎగిరి గది దాటి రాదు. ఒకదాని ఉమ్మి ఇంకోదాని నోటికి చేరకుండా చూస్తే గండం గడిచినట్టే.

‘పాపం, దాన్ని జైల్లో పెట్టినట్టుంది’ అనిపిస్తుంది. కానీ ఆ తలుపు ఒకవైపే కాపలా కాయడంలేదు. ల్యుకేమియా పిల్లికి నిరోధకశక్తి తక్కువ. ఆరోగ్యంగా ఉన్న పిల్లులకు రెండు తుమ్ములతో పోయే జలుబు దానికి న్యుమోనియాగా మారొచ్చు. బయటినుంచి ఏ జబ్బూ దానిదగ్గరికి రాకుండా ఆపేది కూడా ఆ తలుపే.

పనులకో వరస ఉంటే తికమక ఉండదు:

* ముందు ఆరోగ్యంగా ఉన్న పిల్లులకు తిండి పెట్టి, వాటి ట్రే శుభ్రం చేయాలి. పాజిటివ్‌ పిల్లి పని చివర. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

* తిండిగిన్నె, నీళ్లగిన్నె, మట్టి ట్రే, పడుకునే గుడ్డ, దువ్వెన... అన్నీ విడివిడిగా. గిన్నెలకు వేర్వేరు రంగులు ఎంచుకుంటే పనిమనిషికీ, ఇంటికొచ్చిన బంధువులకూ చెప్పడం తేలిక.

* వేడినీళ్లు, సబ్బుతో రోజూ గిన్నెలు కడగాలి. ఫినాయిల్‌ వాసనొచ్చే ద్రావణాలు పిల్లులకు విషం. బాగా పలచన చేసిన బ్లీచింగ్‌ నీళ్లతో తుడిచి, మంచినీళ్లతో మళ్లీ తుడిచి ఆరబెడితే సరిపోతుంది.

* మగవాటికీ ఆడవాటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌ చేయించాలి. సోకిన తల్లినుంచి కడుపులో ఉండగానే కూనలకు సోకుతుంది. పుట్టాక పాలద్వారా, నాకడంద్వారా కూడా సోకుతుంది.

* ఏ పిల్లినీ వీధిలోకి వదలకూడదు. జబ్బున్నది బయట అంటిస్తుంది. లేనిది బయటినుంచి అంటించుకొస్తుంది.

* ఈ సర్దుబాటు నడుస్తున్నంతకాలం ఇంటికి కొత్త పిల్లి వద్దు. కొత్తకూన అసలే వద్దు.

ఫ్లాటు చిన్నదైతే? వంతులు వేసుకోవచ్చు. పొద్దున హాలు పాత పిల్లులది, సాయంత్రం నల్లకూనది. మధ్యలో గిన్నెలు, బొమ్మలు తీసేసి నేల తుడిచి ఆరనిస్తే చాలు. వైరస్‌ ఒంటిబయట నిలవలేదు కాబట్టి ఈ వంతుల పద్ధతి పనిచేస్తుంది. ఒకే ఇంట్లో రెండు పాజిటివ్‌ పిల్లులుంటే ఆ రెంటినీ ఒకేచోట ఉంచొచ్చు. వాటికి అది తోడు కూడా.

మూసిన గదిలో పిల్లికి అసలు సమస్య ఒంటరితనం. కిటికీ పక్కన ఎండ తగిలేచోట ఓ బల్ల వేస్తే పావురాల్ని చూస్తూ గంటలు గడిపేస్తుంది. పిల్లలు హోంవర్కు ఆ గదిలో కూర్చుని చేసుకోవచ్చు. రాత్రి ఒకరు అక్కడే పడుకోవచ్చు. మనుషులకు సోకని జబ్బు కదా, తలుపు పిల్లుల మధ్యే తప్ప పిల్లికీ మనుషులకీ మధ్య కాదు.

టీకా ఉంది... కానీ

ల్యుకేమియాకు టీకా ఉంది. అమెరికాలో 1985లోనే మొదటిది వచ్చింది. పరీక్షలో నెగెటివ్‌ అని తేలిన పిల్లులకు మూడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు వేస్తారు. ఏడాదికి బూస్టర్‌. ఆ తర్వాత ఎన్నాళ్లకోసారి వేయాలో డాక్టరు చెబుతారు. పాజిటివ్‌ పిల్లి ఉన్న ఇంట్లో మిగతావాటికి ఇది తప్పనిసరి అనుకోవాలి. ఇప్పటికే సోకినదానికి ఈ టీకావల్ల ఉపయోగం లేదు.

ఇక్కడ తెలుగిళ్లవాళ్లు గమనించాల్సిన విషయం ఒకటుంది. పిల్లులకు మామూలుగా వేయించే త్రీ ఇన్‌ వన్‌ టీకా పాన్‌ల్యుకోపీనియా, హెర్పిస్‌, కాలిసీ వైరస్‌లకోసం. అందులో ల్యుకేమియా లేదు. ‘మా పిల్లికి అన్ని ఇంజక్షన్లూ వేయించాం’ అన్న ధీమా ఈ జబ్బు విషయంలో పనికిరాదు. ల్యుకేమియా టీకా విడిగా దొరకాలి. అది దొరుకుతుందా లేదా అని డాక్టరును ముందే అడగాలి. దొరక్కపోతే తలుపే టీకా!

దొరికినా తలుపు తెరిచేయకూడదు. ఏ టీకా నూటికి నూరుపాళ్లు కాపాడదు. రోజూ ఒకే గిన్నెలో తింటూ, ఒకదాన్నొకటి నాక్కుంటూ ఉంటే టీకా వేయించుకున్న పిల్లికీ ముప్పు మిగిలే ఉంటుంది.

విడదీయడం కుదరకపోతే?

కొన్ని ఇళ్లలో పరిస్థితి వేరు. నాలుగేళ్లుగా కలిసి పెరిగిన రెండు పెద్ద పిల్లుల్లో ఒకదానికి ఇప్పుడు పాజిటివ్‌ వస్తుంది. రెండోది ఇన్నాళ్లూ దానితోనే తిని, దానితోనే పడుకున్నా నెగెటివ్‌. విడదీస్తే రెండూ తిండి మానేసి తలుపుకు అటూ ఇటూ కూర్చుని అరుస్తాయి. అప్పుడేం చేయాలి?

ఆ రెండోది వైరస్‌ను ఎదుర్కొని గెలిచి ఉండొచ్చు. పెద్ద వయసు, మంచి ఆరోగ్యం దానికి కలిసొచ్చి ఉండొచ్చు. పీసీఆర్‌ చేయిస్తే లోపల వైరస్‌ డీఎన్‌ఏ ఉందో లేదో కొంతవరకు తెలుస్తుంది. అలాంటి జంటను డాక్టరు సలహాతో, టీకా వేయించి, కలిపే ఉంచాలని నిర్ణయించుకునేవాళ్లున్నారు. అది తప్పని కొట్టిపారేయలేం. కానీ ‘ఇన్నాళ్లూ రాలేదు కాబట్టి ఇకముందూ రాదు’ అన్నది మాత్రం భరోసా కాదు. వయసు మీదపడ్డప్పుడో, ఇంకో జబ్బు చేసినప్పుడో నిరోధం సడలొచ్చు. ఆ సంగతి తెలిసి తీసుకుంటే నిర్ణయం. తెలియక తీసుకుంటే నిర్లక్ష్యం. కూనలున్న ఇంట్లో అయితే ఈ మినహాయింపే లేదు. విడదీయాల్సిందే.

తండ్రి అడిగిన ‘దొరికినచోటే వదిలేద్దాం’కూ జవాబు ఇక్కడే ఉంది. ఇంటి సమస్య వీధికి వెళ్తుందే తప్ప తీరదు. ఆ కూన వీధిపిల్లులకు అంటిస్తుంది. దానికేమో ఏ చిన్న జబ్బు తగిలినా చూసే దిక్కుండదు. నిజంగా ఉంచుకోలేకపోతే వేరే పిల్లుల్లేని ఇంటికి, విషయం దాచకుండా చెప్పి ఇవ్వడం ఒక్కటే మర్యాద. అమెరికాలో టెక్సాస్‌లోని ‘ఆస్టిన్‌ పెట్స్‌ అలైవ్‌’ సంస్థ ఇలాంటి పిల్లులను చంపకుండా, వాటికోసమే దత్తత ఇళ్లు వెతికిపెట్టి దారిచూపింది.

వంటింట్లో జాగ్రత్త

పాజిటివ్‌ పిల్లికి వేసే మందులకన్నా ఇంట్లో తీసుకునే జాగ్రత్తలే దాని ఆయుష్షును ఎక్కువగా కాపాడతాయి. చికెన్‌ కొట్టునుంచి తెచ్చిన పచ్చి తుక్కు, చేపల తలకాయలు అలాగే పడేయడం చాలా ఇళ్లలో అలవాటు. నిరోధకశక్తి లేని పిల్లికి అందులోని సూక్ష్మక్రిములే శత్రువులు. ఏదైనా ఉడికించే పెట్టాలి. పచ్చిగుడ్డు, కాచని పాలు వద్దు.

మిగిలిన కూర కలిపి పెట్టడం ఇంకా ప్రమాదం. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి ఎర్రరక్తకణాల్ని దెబ్బతీస్తాయి. ఇవి ఏ పిల్లికైనా చెడుపే. అసలే రక్తహీనతతో ఉన్నదానికి చెప్పాలా?

మరోమాట. ఒళ్లు వెచ్చగా ఉందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్‌ మాత్ర అరగదీసి పోయకూడదు. మనిషికి జ్వరం తగ్గించే ఆ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. స్టెరాయిడ్లు కూడా అంతే, డాక్టరు రాస్తే తప్ప వాడకూడదు. వేరే డాక్టరు దగ్గరికెళ్తే ల్యుకేమియా ఉందని మొదటే చెప్పాలి.

ఆదివారం పూట ఐదు నిమిషాలు కేటాయిస్తే చాలా విషయాలు ముందే తెలుస్తాయి. పెదవి పైకెత్తి చిగుళ్ల రంగు చూడాలి. గులాబీరంగులో ఉంటే సరే. తెల్లగా ఉంటే డాక్టరు దగ్గరికి. పిల్లిని ఎత్తుకుని ఓసారి, దించి ఓసారి బరువుతూచే మిషన్‌ ఎక్కితే ఆ తేడాయే దాని బరువు. క్యాలెండర్‌మీద రాసిపెట్టుకోవాలి. పిల్లులు బాధ దాచుకోవడంలో దిట్టలు. నోరు చెప్పనిది అంకె చెబుతుంది. గోమార్లు, పేలు, నులిపురుగులు లేకుండా చూసుకోవాలి. ఆరునెలలకోసారి డాక్టరుకు చూపించి రక్తకణాల లెక్క చేయించాలి.

అడవిలోనూ ఇదే మందు

ఈ జాగ్రత్తలు ఇంటిపిల్లులకే అనుకుంటే పొరపాటు. ప్రపంచంలో అత్యంత అరుదైన పిల్లిజాతుల్లో ఒకటి స్పెయిన్‌లోని ఐబీరియన్‌ లింక్స్‌. 2007లో దొన్యానా ప్రాంతంలోని లింక్స్‌లకు ఈ ల్యుకేమియా సోకింది. కొన్ని చనిపోయాయి. అసలే వేళ్లమీద లెక్కపెట్టేంత తక్కువగా ఉన్న జంతువులు. అధికారులు ఏం చేశారు? లింక్స్‌లను పట్టి రక్తం పరీక్షించారు. సోకినవాటిని విడిగా ఉంచారు. సోకనివాటికి టీకా వేసి వదిలారు. వ్యాధి ఆగింది.

పరీక్ష, విడదీయడం, టీకా! ఓ దేశం అడవిలో చేసిన పనీ, రెండు పడగ్గదుల ఫ్లాటులో ఓ కుటుంబం చేయాల్సిన పనీ ఒకటే. అంతకుముందు అమెరికాలో ఫ్లోరిడా పాంథర్లకూ ఇదే వైరస్‌ సోకింది. అక్కడ అది ఇంటిపిల్లినుంచే అడవికి చేరిందని జన్యుపరీక్షల్లో తేలింది. పాజిటివ్‌ పిల్లిని వీధిలోకి ఎందుకు వదలకూడదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఎన్నాళ్లు?

పిల్లలు చివరికి అడిగే ప్రశ్న ఇదే. ‘అది ఎన్నాళ్లు బతుకుతుంది?’ ఏ డాక్టరూ తేదీ చెప్పలేరు. కొన్ని నెలలు కావచ్చు, కొన్నేళ్లు కావచ్చు. పిల్లలకు అబద్ధం చెప్పనవసరం లేదు. ‘దానికి జబ్బుంది, మనం చూసుకుంటున్నాం, ఉన్నన్నాళ్లూ బాగా చూసుకుంటాం’ అంటే వాళ్లు అర్థంచేసుకుంటారు. తిండి పూర్తిగా మానేసి, ఊపిరికి కష్టపడుతూ, మందులకు లొంగని స్థితి వచ్చినప్పుడు ఏం చేయాలన్నది డాక్టరుతో కూర్చుని ముందే మాట్లాడుకోవడం మంచిది. ఆఖరిరోజు కంగారులో తీసుకునే నిర్ణయం తర్వాత చాలాకాలం మనసును తొలిచేస్తుంది.

అది వెళ్లిపోయాక గదిని కడిగి, గిన్నెలు, ట్రే తీసేస్తే కొద్దిరోజుల్లో ఆ గదిలో వైరస్‌ మిగలదు. మిగిలినవాటికి మరోసారి రక్తపరీక్ష చేయించి, నెగెటివ్‌ వస్తే ఆ తలుపు మళ్లీ తెరుచుకోవచ్చు.

అప్పటిదాకా ఇంటివాళ్లకు భారంగా అనిపించే రోజులుంటాయి. రెండుసార్లు గిన్నెలు కడగాలి, రెండు ట్రేలు మార్చాలి, తలుపు వేశామా లేదా అని నిద్రలో లేచి చూసుకోవాలి. కానీ ఒక్క విషయం. పిల్లికి తన రిపోర్టు సంగతి తెలీదు. వేళకు తిండి వచ్చిందా, కిటికీలోంచి ఎండ పడుతోందా, రాత్రికి ఎవరిదైనా ఒడి దొరుకుతుందా... దానికి తెలిసినవి ఈ మూడే. అవి అందినంతకాలం ప్రతిరోజూ దానికి మంచిరోజే.